ఆరుబయటి కవితాసభ

వేసవి సాయంకాలమున పట్టణోద్యానములో నలుగురు కవులు చేరి తమ పద్యములను, గేయములను పదిమందికి చదివి వినిపించుట మంచిపని యని వాదింప నక్కఱలేదు. మంచిపనులలో నది యొకటి యని చదువరు లందఱును ఒప్పుకొందురు. మేమిచట విచారింపబూనినది వేఱొక సంగతి. గోడలులేని చోట, తలుపులేని చోట, రుసుము లేక జరిగిన సభ యగుటచేతనే అది అందఱి సభ యగునా? తలుపు లేకుండుట వేఱు, తెఱచియుంచుట వేఱు. మొదటిది స్థలమునకు సంబంధించినది, రెండవది మనుష్యులకు సంబంధించినది. ఈ రెంటిని ఒకటిగా భావించి తృప్తిపడుట మన సంస్కారప్రియులలో తఱచుగా కానవచ్చుచున్నది. కావున దీనిని గుఱించి కొంచెము నిదానముగా ఆలోచింపవలసియున్నది.

బొబ్బిలి సీమలో వేసవి యెట్లుండునో ఎఱిగినవారికి ఆరుబయటి సభ కొత్తవింతగా తోచదు. పంట ఇల్లు చేరినది మొదలు మృగశిర కార్తె వచ్చువఱకును మెట్టసేద్యగానికి చేతినిండ పని యుండదు. పగలెల్ల ఇల్లు కుంపటివలె కాగును. ప్రొద్దు పడమటి కొండల వెనుకకు జాఱిన తరువాత గాని అరుగుమీదికి గాలి రాదు. ఆ గాలికొఱకు బయటికి వచ్చిన జనమే పూర్వము సభ. పిలుపు లేదు, పత్రిక లేదు. వీధిలో జముకు మ్రోగినచో జముకులకథ, చిడతలు మ్రోగినచో హరికథ, మద్దెల మ్రోగినచో తూర్పుభాగవతము. ఉత్తరాంధ్రమున కవిత్వము శతాబ్దులుగా ఇట్లే ఆకాశము క్రింద బ్రదికినది. నేడు పట్టణములలో ఉద్యానకవితాపఠన మనుపేర మనము పాశ్చాత్యులనుండి తెచ్చుకొన్నా మనుకొనునది మన వీధిలోనే ఉండెను. అయితే దానిని చేసినవారికి కవులను పేరు మాత్రము మన మీయలేదు.

ఈ మాటకు బొబ్బిలి చరిత్రమే నిదర్శనము. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు సైన్యమును బొబ్బిలి కోటను చుట్టుముట్టిన సంగతియు, కోటలోని స్త్రీలును శిశువులును తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిన సంగతియు, పిమ్మట తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే వధించిన సంగతియు తెలుగువారిలో ఎఱుగనివారు అరుదు. అయితే ఎట్లెఱుగుదురు? ఈ కథను దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్ర మను ప్రబంధముగా రచించెను. పెద్దాడ మల్లేశము పేర ప్రచారమందున్న బొబ్బిలికథ వేఱొకటి. మొదటిది పండితులు కూర్చున్న చావడిలో చదువదగినది. రెండవది ఊరిబయట, సంతలో, రావిచెట్టు క్రింద, డక్కి పట్టినవాడు పాడదగినది. నారాయణకవి ప్రతిభను మేము తగ్గింపము. కాని తెలుగుదేశమున అక్షరము రాని తల్లికూడ తన బిడ్డను పాపారాయుడని ముద్దుగా పిలుచుటకు కారణము ఆ ప్రబంధము కాదు, పాటయే. బొబ్బిలిలో నిలిపిన స్మారకస్తంభమును చూచినవారు వేలమంది యైనచో, పాటను విన్నవారు లక్షలు. గుంటూరు సీమవాడును మహమ్మదీయుడును అగు షేక్ నాజరు (1920–1997) దానినే బుఱ్ఱకథగా ఊరూర చెప్పి జనమును ఏడిపించెను. 1964లో చలనచిత్రముగా వచ్చుటకు ఎంతో ముందే ఆ కథ తెలుగువారి సొమ్మైయుండెను. ఆరుబయలు కవిత్వమునకు చేయు ఉపకార మిట్టిది. చావడిలో పుట్టినది చావడిదిగా మిగులవచ్చును, బయట పుట్టినది దేశముదగును.

ఇంతవఱకు విని సంతోషించువారు తరువాతి సంగతినికూడ వినవలయును. ఆ పాటను దేశమునకిచ్చిన గాయకుడు ఆ రాత్రి భోజనమెక్కడ చేసెను? ఎవ్వరి పంచలో పండుకొనెను? ప్రబంధకవికి అగ్రహారమో, శాలువయో, కంకణమో దొరకెడి కాలమున పాటగానికి దొరకినది చేటెడు బియ్యము, పాతబట్ట. ఒకరికిచ్చినది సమ్మానము, ఇంకొకరికిచ్చినది బిచ్చము. ఇద్దఱును చేసినది ఒక్క పనియే. జనగణనల పట్టికలలో గూడ కథలు పాడి బ్రదుకు కులములను యాచకులలో చేర్చుచు వచ్చిరి. వినునపుడు కన్నీరు, లెక్కించునపుడు బిచ్చగాడు! మన హృదయమునకును మన గుమ్మమునకును గల దూర మింతయని దీనివలన తెలియుచున్నది.

వినువారి సంగతి ఇంతకంటె మెఱుగైనది కాదు. రచ్చబండచుట్టు చేరిన జనమును చూచి ఊరంతయు ఒక్కచోట కూడిన దనుట పొరపాటు. ఎవరు బండమీద, ఎవరు చాపమీద, ఎవరు నేలమీద, ఎవరు చీకటిలో గోడవెంబడి నిలువవలయునో ఎవ్వరును చెప్పకయే అందఱికిని తెలియును. గోడ లేదు గాని గీత యున్నది. కంటికి కనబడని ఆ గీతను చిన్నబిడ్డ సైతము దాటెడిది కాదు. 1941లో వెలువడిన జాషువ గారి గబ్బిలమున కథానాయకుడు దేవాలయములో అడుగిడ వీలులేనివాడు, లోపలికి స్వేచ్ఛగా పోగల పక్షిచేత తన మొఱ పంపుకొనును. ఆ కావ్యము కల్పన యని ఎవరనగలరు? బయట నిలిచి విను అలవాటు తరతరములుగా ఉన్నవాడే అట్టి దూతను ఊహింపగలడు. ఆ జాషువ గారి పాదమునకే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వహస్తములతో గండపెండేరము తొడిగిరి. ఆ ఘట్టమును మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. కాని ఒక మహాకవి విషయమున ఒక మహాపండితుడు చేసిన పని, సభ అంచున నిలిచిన పేరులేని వానికి మనము చేయవలసిన పనిని తీర్చివేయదు.

పట్టణోద్యానము ఈ పాతగీతలకు లోబడి పుట్టినది కాదని మా భావము. అది ఏ కులపువీధిలోనిదియు కాదు, ఏ గుడిముంగిటిదియు కాదు. ప్రజల పన్నుతో ఏర్పడినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము పదునేనవ అధికరణము బావులు, చెఱువులు, త్రోవలతో పాటు, ప్రభుత్వ ద్రవ్యముతో నడచు సార్వజనిక స్థలములలో మతమును బట్టిగాని, కులమును బట్టిగాని, లింగమును బట్టిగాని ఎవ్వరికిని ఆటంకము కల్పింపరాదని శాసించినది. కావున ఉద్యానమున కవితాసభ చేయువాడు తెలిసియో తెలియకయో ఒక ప్రతిజ్ఞలోనికి అడుగిడుచున్నాడు. చావడిలో సభచేసి కొందఱిని పిలిచి కొందఱిని మఱచినచో అది యజమాని ఇష్టము. ఉద్యానములో చేసి మఱచినచో అది అన్యాయము.

ఇపుడు మన సభలు ఎట్లు జరుగుచున్నవో చూతము. చెట్లక్రింద వేదిక కట్టుదురు. వేదికపై పదునాలుగు కుర్చీలు. వాని యెదుట మెత్తని కుర్చీలు రెండు వరుసలు అతిథులకు. వెనుక మామూలు కుర్చీలు. వాని వెనుక నిలువవలసినవారు. అధ్యక్షోపన్యాస మొక గడియ, ముఖ్యాతిథి ప్రసంగ మొక గడియ, వందన సమర్పణలో స్మరింపవలసిన దాతల పేరులు అఱగడియ. కవులకు తలకు మూడేసి నిమిషములు. శాలువలు కప్పు వేళకు ఫోటో తీయువాని వీపు తప్ప వెనుకవారికి ఏమియు కనబడదు. ఆ మూడు నిమిషములలో కవి తన పద్యమునకు ముందు వేదిక నలంకరించిన పెద్దల కందఱికిని పేరుపేరున నమస్కరించును. ఇదంతయు హాస్యముకొఱకు చెప్పుట లేదు. మేమనునది యేమనగా, చావడి గోడలను వదలి బయటికి వచ్చిన మనము ఆ గోడలను కుర్చీల రూపమున మోసికొని వచ్చితిమి. వేరుసెనగ కాయలమ్ముకొను ముసలమ్మ, తోటలో ఆకు లూడ్చు పనిమనిషి, బండి ప్రక్కన నిలిపి ఒక్క నిమిషము చెవియొగ్గిన కూలి, వీరందఱును ఆ కుర్చీలను చూచినంతనే అది తమ సభ కాదని తెలిసికొందురు. ఎవ్వరును వారిని పొమ్మనలేదు. పొమ్మనకుండ పొగబెట్టుట యని మన పెద్దలందురే, అది ఇదియే.

పరిహారము కష్టమైనది కాదు. అందఱును నేలమీద కూర్చుండవచ్చును, ముసలివారికిని రోగులకును మాత్రము ఆసనములు చాలును. కవి వారి మధ్యనే లేచి నిలిచి చదువవచ్చును. నేల సమానమైనది, దానికి ముందువరుస లేదు. ఇందుకు ఎవ్వరి అనుమతియు పొందనక్కఱలేదు, ధనమును మిగులును. అయినను ఇది జరుగుట అరుదు. ఏలయన కుర్చీ తొలగించినచో సభకు రానివారు కొందఱు కలరు, ఆ కొందఱే సభకు ధనమిచ్చువారు.

స్త్రీల విషయము వేఱుగా చెప్పవలసియున్నది. అవధానసభలును, ఆస్థానసభలును ఆడువారు లేని సభలు. వీధికథలకు వారు వచ్చెడివారు, కాని గడపదాటి కొంతదూరమున, చంటిబిడ్డ నెత్తుకొని, పొయ్యిమీది అన్నము తలచుకొనుచు. నేటి ఉద్యానసభకు ఆహ్వానపత్రములో సకుటుంబముగా అని అచ్చువేయుదురు. సభ సాయంకాల మాఱు గంటలకు. ఆ వేళకు ఇంట దీపము పెట్టవలసినది, వంటకు కూర తఱుగవలసినది ఎవరు? సకుటుంబముగా అను మాటకు అర్థ ముండవలెనన్న ఆ పూట వంట పురుషుడైనను చేయవలయును, లేదా కవితాసభ వేళనైనను మార్చవలయును. ఈ పత్రికను చదువు గృహస్థులు మొదటిదానిని ఒకసారి పరీక్షించి చూతురుగాక.

ఇక మఱియొక పక్షము కలదు. దానిని విస్మరించినచో మా వాదము ఒంటికాలిపై నిలుచును. రావలెనని కోరి రాలేనివానిని గుఱించి ఇంతవఱకు చెప్పితిమి. వినవలెనని కోరనివాని మాటయేమి? చావడిలో సభ జరిగినచో వినుట యిష్టములేనివాడు రాకుండును. ఆరుబయట జరిగినచో ధ్వని వాని యింటికే వచ్చును. అజ్జాడ బొబ్బిలికి చేరువనున్న పల్లె. అచట పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) మొదట హరికథలు చెప్పిన కాలమున మన సభలలో ధ్వనివర్ధకము లేదు. కంఠ మెంతదూరము పోవునో సభ యంతవఱకు, దానికి ప్రకృతియే హద్దు పెట్టినది. నేడు ఇనుపగొట్టములో నోరుపెట్టిన ప్రతివాడును రెండు వీధులను ఆక్రమించుచున్నాడు. తెల్లవారుజామున లేచి పనికి పోవలసిన వానికి నిద్రయే ఆస్తి. ఆ ఆస్తిని కవిత్వము పేర దోచుకొనుటకు మనకేమి అధికారము? 2000వ సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు రాత్రి పది మొదలు ఉదయ మాఱువఱకు ఆరుబయట ధ్వనివర్ధకములను నిషేధించినవి. పండుగలకు కొలది దినములు మాత్రము నడిరేయివఱకు సడలింపు కలదు. చట్టమున్నను లేకున్నను ఆ మర్యాదను మనకు మనమే పాటింపవలయును. కవికి ఇతరుల చెవులపై హక్కు లేదు, వారిని ప్రార్థించు హక్కు మాత్రమే కలదు. యంత్రము లేక నూఱుమందికి వినబడు కంఠము, ఆ నూఱుమంది నిశ్శబ్దము, ఇవి చాలును. నూటొకటవ వానికి వినబడలేదేని మఱొక సాయంకాలము మఱియొక తోటలో చదువవచ్చును.

అన్ని కవితలును ఆరుబయటికి తగినవా యని ఎవరైన నడిగినచో కావనియే మా యుత్తరము. బొబ్బిలి చేరువ గొల్లపల్లిలో పనసమ్రానిని తొలిచి వీణలు చేయుదురు. బొబ్బిలివీణ యని దేశదేశముల పేరుగాంచినది అదియే. ఏకఖండమైన కఱ్ఱనుండి మలచిన ఆ వీణ పలుకు మెత్తనిది, దానిని వినుటకు గోడలు కావలయును, ఊపిరి బిగబట్టినవారు కావలయును. జముకు అట్టిది కాదు. ఒకవైపు తోలు బిగించి, దానినుండి తీగ లాగి మీటు ఆ వాద్యము సంతకోలాహలమును చీల్చుకొని పోవును. రెండును ఈ సీమవే. ఒకదానిని ఇంకొకదానికంటె ఎక్కువ యనుట మూఢత్వము. మెల్లగా, ఏకాంతమున, మరల మరల చదువుకొనదగిన పద్యమును తీసికొనివచ్చి ఉద్యానములో అఱచి చదువుట ఆ పద్యమునకే అపచారము. ఐనచో మాకు తోచిన దొకటి కలదు. వీణకు మందిరము కట్టించినవారు జముకునకు కనీసము చెట్టునీడనైనను గౌరవముతో ఈయలేదు. పార్వతీపురము ప్రాంతమువాడైన వంగపండు ప్రసాదరావు (1943–2020) జముకులకథను కొత్తపాటతో కలిపి దేశమంతట మ్రోగించిన తరువాతగాని విద్యావంతులలో పలువురు అదియొక వాద్యమని గుర్తింపలేదు.

భాషను గుఱించి ఒక మాట. ఉద్యానములో చదువు పద్యము వినువానికి తెలియవలయునా? తెలియనక్కఱలేదు, ధ్వనియే చాలు ననువారు కలరు. పండితులు కఠినముగా వ్రాసి పామరులు తలయూపుటను చూచి ఆనందించుట మాకు సమ్మతము కాదు. ఈ సీమవారే యైన గిడుగు రామమూర్తి పంతులు గారు (1863–1940) జీవద్భాషకొఱకు జీవితకాలము పోరాడిరి. ఈ వ్యాసమునే ఉద్యానములో చదివినచో ఎందఱు కూర్చుందురో మేము పందెము కట్టజాలము. అచ్చులో చదువదగినది అచ్చులో నుండనిండు. గిడుగువారు చేసిన మఱియొక పనిని ఇచట స్మరింపవలయును. కొండలలోని సవరల భాషను నేర్చి, 1931లో దానికి వ్యాకరణము ప్రకటించిరి. మన్యమునుండి చింతపండును, కొండచీపుళ్లను తెచ్చి సంతలలో అమ్ముకొనువారు నేటికిని కలరు. వారి పాటకు మన కవితాసభలో ఒక్క సాయంకాలమైన నిచ్చితిమా? మనము వారికి వినిపింపవలెనని యోచింతుము గాని వారిని వినవలెనని యోచింపము. వినుట నేర్వనివాడు వినిపించుటకు అర్హుడా యని మా సందేహము.

జనసమూహమునకై చదివినచో కవిత చప్పట్లకు లొంగి దిగజాఱునని కొందఱి భయము. ఈ భయము నిరాధారమైనది కాదు. చప్పట్లవలన చెడిన కవులను మనమందఱము చూచితిమి. అయితే వారిలో ఎక్కువమంది చెడినది కుర్చీల యెదుటనే, ఆరుబయట కాదు. చావడిలో కూర్చున్నవాడు మర్యాదకు లేవడు, చివరకు చప్పట్లు కొట్టును. ఉద్యానములో నిలిచినవానికి ఏ మర్యాదయు అడ్డురాదు. నచ్చకున్న నడచిపోవును. కవి తలయెత్తి చూచునప్పటికి ఎదుటి జనములో ఖాళీ కనబడును. అంతకంటె నిష్కపటమైన విమర్శ ఏ పత్రికలోను దొరకదు. నిలిచినవాడు నిలిచెనన్న, అది వాని స్వేచ్ఛచేత. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున మెదెయీన్ అను నగరము మాదకద్రవ్య ముఠాల కాల్పులతో వణకుచున్న దినములలో, 1991లో, అచటి కవులు బహిరంగస్థలములలో కవితోత్సవము నారంభించిరి. సాయంకాలము బయటికి వచ్చుటకే జడిసిన పౌరులు వేలకొలది కొండచరియపై కూర్చుండి, తమకు రాని భాషల కవితలను సైతము అనువాదముతో విన్నారు. 2006లో ఆ ఉత్సవమునకు సమ్యగ్జీవన పురస్కార మిచ్చిరి. పురస్కారము చిన్నమాట. ప్రక్కవానికి భయపడు ఊరిలో ప్రక్కవానితో కూర్చుండగలిగిరి, అది గొప్పది. మన యూళ్లలో తుపాకులు లేవు. ప్రక్కవాడెవ్వడో తెలియనంతకాలము వానితో కూర్చుండుటకు మాత్రము మనకును జంకు కలదు.

తుదకు ధనము మాట. పూర్వము సంస్థానములు కవిని పోషించెను. 1948 మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి, పోవుటయే న్యాయము. కాని రాజు స్థానమున ప్రజలు పోషకులు కావలసియుండగా, ప్రజలు ఉచితముగా వినుటకు మాత్రమే అలవాటుపడిరి. ఉద్యానసభకు రుసుము పెట్టరాదని మేమే యంటిమి. పెట్టినచో ముసలమ్మ మరల గేటు బయటనే. అట్లని కవి గాలి భోంచేయడు. ఇందుకు పురపాలకసంఘములును గ్రంథాలయసంస్థలును తమ ఆదాయములో కొంత కేటాయించుట ధర్మము. దీపములకును, నీటికిని, పూలమొక్కలకును ఖర్చుపెట్టు ఉద్యానము, అందులో వినబడు మాటకు ఖర్చు పెట్టరాదా? ఆ కేటాయింపులో శాలువల పద్దు ఉండరాదు. పద్యము చదివిన ఉపాధ్యాయునకును, జముకు మీటిన కథకునకును ఒక్కటే మొత్తము, ఒక్కటే విధమున, అందఱి యెదుట ఈయవలయును. కవర్లో పెట్టి ఒకరికి, చేతిలో పెట్టి ఒకరికి కాదు. మృగశిర వచ్చి తొలకరి పడినచో కథకుడు కూలికి పోవలసినవాడు. ఆయన మరల వచ్చు వేసవివఱకు ఆ పాటను మఱవకుండ ఉండుట, వానకాలమంతయు ఆయన ఇంట పొయ్యి రాజుకొనుటపై ఆధారపడియున్నది.